ఐస్ హాకీలో కొట్లాటలు: అపోహలు - వాస్తవాలు

కెనడాలోని ఒంటారియోలో జూనియర్ ఐస్ హాకీ మ్యాచ్‌లకు నేను లైన్స్‌మన్‌ని. ఆటగాళ్లు కలబడితే విడదీసే పని మాదే. రీల్స్ చూసి మనవాళ్లు తరచూ అనే మాటలకు ఇవీ నా జవాబులు.

అపోహ: కొట్టుకోవడానికి పర్మిషన్ ఉంది, రిఫరీలు చూస్తూ ఊరుకుంటారు.
వాస్తవం: ఉత్తర అమెరికాలోని అతిపెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటకు 5 నిమిషాల పెనాల్టీ, అంటే అంతసేపు ఆట బయట కూర్చోవాలి. రెచ్చగొట్టి మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష. మూడోవాడు దూరితే మ్యాచ్ నుంచి బయటికే. మేం కాసేపు ఆగే మాట నిజం. గుద్దులు జోరుగా పడుతున్నప్పుడు ఒకడి చేతులు పట్టుకుంటే రెండోవాడి దెబ్బకు వాడు దొరికిపోతాడు. అందుకే కింద పడిన స్టిక్కులు, గ్లవ్స్ కాలితో పక్కకు నెట్టి, ఇద్దరూ అలిసిన క్షణంలో చెరొకరినీ ఒకేసారి పట్టేస్తాం.

అపోహ: హెల్మెట్ ఉంటుంది కదా, ఏం కాదు.
వాస్తవం: పెనుగులాటలో మొదట ఊడేది అదే. కాలు జారితే తల నేరుగా ఐస్‌కు కొట్టుకుంటుంది. 2008 డిసెంబరులో ఒంటారియో సీనియర్ లీగ్ ఆటగాడు డాన్ శాండర్సన్‌కు ఇలాగే జరిగింది. మూడు వారాలకు చనిపోయాడు. వయసు 21.

అపోహ: జట్టులో కొట్లాటలకే ఉండే ఫైటర్ ఉంటేనే స్టార్లకు రక్షణ, ఒకసారి కొట్టుకుంటే లెక్క తేలిపోతుంది.
వాస్తవం: ఆటగాళ్లే చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే మాట ఇది. కానీ 2004 మార్చిలో వాంకూవర్‌లో ఏమైందో చూడండి. వాంకూవర్ కెప్టెన్ నాస్లండ్‌ను అంతకుముందు గాయపరిచినందుకు, కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్ మొదటి పీరియడ్‌లోనే ఒకరితో కొట్టుకున్నాడు. లెక్క తేలలేదు. మూడో పీరియడ్‌లో వాంకూవర్ ఆటగాడు టాడ్ బెర్టూజీ అతన్ని వెనకనుంచి గుద్దాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి, మళ్లీ ఆడలేకపోయాడు. ఇక కొట్టడమే ఉద్యోగంగా బతికిన డెరెక్ బూగార్డ్ 2011లో, 28 ఏళ్లకే, మద్యం, నొప్పి మాత్రలు కలిసి చనిపోయాడు. పరీక్షిస్తే మెదడులో సీటీఈ బయటపడింది. తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన జబ్బు అది. ఆయన్ను ఎవరు రక్షించారు?

అపోహ: కొట్లాట లేకపోతే హాకీ చూసేవాళ్లుండరు.
వాస్తవం: 2025 ఫిబ్రవరిలో 4 నేషన్స్ టోర్నీలో, మాంట్రియల్‌లో అమెరికా, కెనడా మ్యాచ్ మొదలైన 9 సెకన్లలోనే మూడు కొట్లాటలు జరిగాయి, జనం ఊగిపోయారు, కాదనను. ఐదు రోజులకు అవే జట్లు ఫైనల్‌ను ఒక్క కొట్లాట కూడా లేకుండా ఆడాయి, ఓవర్‌టైమ్ దాకా ఎవరూ సీట్లోంచి కదల్లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ 2008-09 సీజన్లో 700 దాటిన కొట్లాటలు పదేళ్లకు 250 లోపుకు వచ్చాయి. ఆట స్పీడు పెరిగి, స్కేటింగ్ సరిగా రానివాడికి జట్టులో చోటే లేకుండా పోయింది.

కెనడాలోనే మరో రాష్ట్రమైన క్యూబెక్ జూనియర్ లీగ్ 2023 నుంచి కొట్టుకున్నవాణ్ని మ్యాచ్ నుంచే పంపేస్తోంది. నేను విడదీసేది 16 నుంచి 20 ఏళ్ల పిల్లల్ని. ఆ రూల్ మిగతా జూనియర్ లీగుల్లోనూ వచ్చే సీజన్ నుంచే రావాలి.