ఏర్పాటు చేసి తీసిన ఫొటో అబద్ధమేనా?

పిల్లలూ,

శరణార్థుల ఫొటోలు వార్తల్లో మీరు చాలానే చూసి ఉంటారు. ఏడుస్తున్న పసివాడు, సాయం కోసం చాచిన చేతులు. అవీ నిజాలే. కానీ ఏళ్ల తరబడి అవే చూస్తుంటే, వాళ్లకూ మనలాగే కోపం, సరదా, ప్రేమ ఉంటాయన్న సంగతి మరిచిపోతాం. అందుకే మీకు సిరియా ఫొటోగ్రాఫర్ ఒమర్ ఇమామ్ గురించి చెప్పాలనిపించింది.

2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక లక్షల మంది పక్కనే ఉన్న లెబనాన్‌కు చేరారు. 2014 ఏప్రిల్ నాటికి అక్కడ పేరు నమోదైనవాళ్లే 10 లక్షలు దాటారు. ప్రభుత్వం వాళ్ల కోసం శిబిరాలు కట్టలేదు. చాలామంది బెకా లోయలో పొలాల్లో చోటు అద్దెకు తీసుకుని, కర్రలతో, ప్లాస్టిక్ పట్టాలతో గుడారాలు వేసుకున్నారు. చలికాలంలో అక్కడ మంచు కురుస్తుంది.

ఇమామ్ కూడా యుద్ధం వల్ల సొంత ఊరు డమాస్కస్ వదిలి వచ్చినవాడే. ఆ గుడారాలకు వెళ్లి వాళ్ల కలల గురించి, భయాల గురించి అడిగాడు. వాళ్లు చెప్పినదాన్ని వాళ్లతోనే కలిసి ఒక దృశ్యంగా పేర్చి, బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీశాడు.

ఒకావిడకు చూపు పోయింది. భర్త పక్కన కూర్చుని టీవీ సీరియల్‌లో ఏం జరుగుతోందో చెబుతుంటాడు. ఆమె మనసు తేలికపడాలని మధ్యమధ్యలో కథే మార్చేస్తాడట! తెర మీద విడిపోయిన జంట, ఈయన నోట హాయిగా కలిసిపోయి ఉంటుందేమో. ఇంకో కుటుంబం ఆకలికి గడ్డి తినాల్సి వచ్చింది. పిల్లల ముందు మాత్రం పెద్దవాళ్లు అది రుచిగా ఉన్నట్టు నటించారు.

"ఏర్పాటు చేసి తీస్తే అబద్ధం కదా తాతయ్యా" అంటారేమో. జరగనిదాన్ని జరిగిందని వార్తగా చూపిస్తే అది మోసమే, సందేహం లేదు. ఇక్కడ మాత్రం పేర్చిన దృశ్యమని చూడగానే తెలిసిపోతుంది. అయినా కలను, పీడకలను కెమెరా నేరుగా ఎలా పట్టుకుంటుంది? ఎవరో ఒకరు దాన్ని కట్టి చూపించాలి. ఎలా కనిపించాలో తేల్చుకోవడంలో ఆ మనుషులకూ భాగం ఉండటమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇంత కష్టంలో నవ్వొచ్చా అని టెన్షన్ పడకండి. ఆ భర్త కథ మార్చిన చోట నవ్వొస్తే నవ్వండి. ఆయన మార్చింది భార్య ముఖంలో నవ్వు చూడటానికే.

మీ
తాతయ్య