దుర్యోధనుడికి ఏ బహుమతి ఇవ్వాలి: తెనాలిలో మొదలైన తగువు

పోయిన వారం గుంటూరులో ఒక కాలేజీలో ఏకపాత్రాభినయం పోటీలు జరిగాయి. డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు మయసభలో దుర్యోధనుడు వేశాడు. నేను వెనక వరసలో కూర్చుని చూశాను. సమాసాలు ఎక్కడా తడబడలేదు, ఊపిరి ఎక్కడా తెగలేదు. హాలంతా చప్పట్లు. బహుమతుల దగ్గరికి వచ్చేసరికి అతనికి ‘ఉత్తమ ప్రతినాయకుడు’ అని చదివారు. ‘ఉత్తమ నాయకుడు’ రాముడు వేసిన అబ్బాయికి వెళ్ళింది.

కుర్రాణ్ణి తయారుచేసిన తెలుగు మాస్టారు లేచి నిలబడ్డారు. “స్టేజి మీద ఉన్నది ఒక్కడే కదండీ. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ప్రతినాయకుడు ఎలా అయ్యాడు?” అని అడిగారు. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన నెమ్మదిగానే జవాబు చెప్పారు. “దుర్యోధనుణ్ణి నాయకుడంటే రేపు పిల్లలకు ఏం నేర్పినట్టు మాస్టారూ?”

ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. రెండు రోజుల్లో కుర్రాడి బహుమతి సంగతి పక్కకు పోయి, తప్పులున్నవాణ్ణి హీరో అనొచ్చా అన్న పాత గొడవ పైకి లేచింది. ఎర్రచందనం దొంగ కథ ‘పుష్ప’ మళ్ళీ చర్చకొచ్చింది. 2024 ఆగస్టులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ బెంగళూరులో అన్న మాట మళ్ళీ బయటికి తీశారు. రాజ్‌కుమార్ అటవీ అధికారిగా వేసిన 1973 నాటి కన్నడ సినిమాను తలుచుకుంటూ, అప్పట్లో హీరోలు అడవిని కాపాడేవారు, ఇప్పుడు హీరోలే చెట్లు నరికి స్మగ్లింగ్ చేస్తున్నారు అన్నారాయన. అటవీ శాఖ కూడా ఆయన దగ్గరే ఉంది కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చచ్చిపోయారు. ఎర్రచందనం అంటే అక్కడ ప్రాణాల సంగతి. మరోపక్క ఆ స్మగ్లర్ పాత్ర వేసిన అల్లు అర్జున్‌కే 2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

గిరీశం, దేవదాసు సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ తగువు ఇవాళ ఇలా ఎందుకు ముడిపడిందో తెలియాలంటే గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు పోతే చాలు. తెనాలి వెళ్ళాలి.

దానికి ముందు పెద్దాయన ఆధారం చూద్దాం. ఆయన దశరూపకాన్ని తలుచుకున్నారు. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన నాటక శాస్త్రం అది. రాముడికి రావణుడు, ధర్మరాజుకు దుర్యోధనుడు ప్రతినాయకులని దాని వ్యాఖ్యానంలో ఉంది. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. అయితే అదే గ్రంథం నాయకుల్ని నాలుగు రకాలు చేసింది. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. ఈ చివరివాడి లక్షణాలేమిటి? గర్వం, మాత్సర్యం, మాయ, కపటం, అహంకారం, చపలత్వం, కోపం, తన గొప్ప తానే చెప్పుకోవడం. ఇన్ని ఉన్నా అతను నాయకుడే. పరశురాముణ్ణి ఉదాహరణగా చూపించారు. ప్రతినాయకుడు కూడా ధీరోద్ధతుడే అని అందులోనే ఉంది. అంటే తప్పులుండటం ఒక్కటే మనిషిని అటో ఇటో తేల్చదు. కథ ఎవరిదో, అందులో ఎవరు ఎవరికి ఎదురు నిలిచారో చూడాలి. ధర్మరాజు నాయకుడైన నాటకంలో దుర్యోధనుడు ప్రతినాయకుడు. ధర్మరాజు లేని స్టేజి మీద? మాస్టారు అడిగింది సరిగ్గా ఇదే.

ఈ ప్రాంతంలో దుర్యోధనుడు హీరో అయింది 1977 సంక్రాంతికి అని చాలామంది చెబుతారు. ఆ ఏడు జనవరి 14న ఒకే యుద్ధం మీద రెండు సినిమాలు ఒకేరోజు వచ్చాయి. ‘కురుక్షేత్రం’లో తెనాలి పక్క బుర్రిపాలెం మనిషి కృష్ణ అర్జునుడు, కైకాల సత్యనారాయణ దుర్యోధనుడు. ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆరే కర్ణుడు, ఎన్టీఆరే కృష్ణుడు, ఎన్టీఆరే దుర్యోధనుడు. దర్శకత్వమూ ఆయనదే. దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా పెట్టారు. డ్యూయెట్ ఎవరికిస్తే వాడే హీరో అని మన ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు. మాటలు రాసింది గుంటూరు జిల్లా విప్పర్లలో పుట్టి, పొన్నూరు సంస్కృత కళాశాలలో పాఠాలు చెప్పిన కొండవీటి వెంకటకవి. కులం అడిగి కర్ణుణ్ణి వెనక్కి నెట్టబోయిన చోట దుర్యోధనుడు లేచి, పెద్దల పుట్టుకల్ని ఒక్కొక్కటే ఎత్తి అడుగుతాడు. యాభై ఏళ్ళు కావస్తున్నా కాలేజీ కుర్రాళ్ళు ఇంకా దాన్ని కంఠతా పడుతున్నారు.

కానీ ఆ ప్రశ్నలు అడిగే తీరు 1977లో పుట్టింది కాదు. కోర్టులో లాయరు సాక్షిని నిలదీసినట్టు పురాణాన్ని నిలదీయడం మనకు నేర్పిన మనిషి ఇంకొకరు ఉన్నారు. నా ఉద్దేశంలో అసలు మలుపు ఆయన దగ్గరే ఉంది.

త్రిపురనేని రామస్వామి చౌదరి 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టారు. డబ్లిన్‌లో లా చదివారు. తెనాలిలో స్థిరపడి మున్సిపల్ చైర్మన్ అయ్యారు. జనం కవిరాజు అన్నారు. ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నారు. 1911 ప్రాంతంలోనే ఆయన కురుక్షేత్రం మీద రాస్తూ, రాజ్యం మీద న్యాయమైన హక్కు కౌరవులదే అని వాదించారు. 1920లో ‘శంబుకవధ’ రాశారు. తపస్సు చేశాడన్న నేరానికి రాముడి చేతిలో చచ్చిపోయిన శూద్రుడు అందులో అందరి చూపూ తనవైపు తిప్పుకుంటాడు. శంబుకుడి తప్పేమిటి? అతని తప్పని ఎవరు అన్నారు? కవిరాజు అడిగింది ఇదే. ఒక మనిషికి దోషం అంటగట్టేముందు ఆ దోషం రాసిన చెయ్యి ఎవరిదో చూడమన్నారు. దుర్యోధనుడి కథ గెలిచినవాళ్ళు చెప్పుకున్న కథ కదా, ఓడినవాడి వాంగ్మూలం ఎక్కడ?

ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద మాటో ఇవాళ ఊహించడం కష్టం. పల్లెల్లో రాత్రంతా కృష్ణరాయబారం చూసి, పద్యపద్యానికీ వన్స్‌మోర్ కొట్టే జనం మధ్య నిలబడి, మీరు కొలిచే పక్షానికి పట్టా లేదని చెప్పడం అది.

ఆయనకు ఎదురు నిలిచినవారూ తక్కువవారు కాదు. విజయవాడలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ సంప్రదాయం వైపు కొండంత అండ. ఇద్దరూ వేనుడి కథనే తీసుకుని చెరో నాటకం రాశారు. వేనుడు యజ్ఞాలు ఆపించిన రాజు. ఋషులు అతణ్ణి చంపారు. విశ్వనాథ దాన్ని ‘వేనరాజు’ అన్నారు. ఆయన నాటకంలో ఆ చావు ధర్మం. కవిరాజు తన నాటకానికి ‘ఖూనీ’ అని పేరు పెట్టారు. ఆ ఒక్క మాటతో వేనుడు శిక్ష పడ్డ పాపి కాకుండా హత్యకు గురైన మనిషి అయిపోయాడు. ఈ వారం మనం కొట్టుకుంటున్న గొడవంతా ఆ రెండు పేర్ల మధ్యే ఉందనిపిస్తుంది నాకు. ఎన్టీఆర్ విజయవాడలో చదువుకున్నప్పుడు విశ్వనాథ ఆయనకు గురువు. అయినా 1977లో దుర్యోధనుణ్ణి నిలబెట్టేసరికి గురువుగారి దారి పట్టలేదు, తెనాలి దారే పట్టారు.

ఇంతవరకు చెప్పింది ఒక సగం. కవిరాజు పద్ధతిలో చిక్కు ఒకటుంది. అది వకాల్తా పద్ధతి. మనిషిని హీరో చేయాలంటే ముందు అతణ్ణి నిర్దోషిగా తేల్చాలి. వేనుడి విషయంలో, శంబుకుడి విషయంలో అది చెల్లుతుంది. శంబుకుడు నిజంగానే నిర్దోషి. మరి నిజంగా తప్పు చేసినవాడి సంగతేమిటి?

దీనికి జవాబు అదే ఇంట్లోంచి వచ్చింది. కవిరాజు కొడుకు గోపీచంద్ 1940ల్లో ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. ఎందుకు అని అడగడం నేర్పాడని చెప్పి ఆ నవలను తండ్రికే అంకితమిచ్చారు. అందులో సీతారామారావు కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. వంశప్రతిష్ఠ అంటూ ఆస్తి కరిగించుకున్నాడు. ఉద్యోగంలో ఇమడలేకపోయాడు. తన చేతకానితనానికి లోకాన్ని తిట్టాడు, కట్టుకున్నదాన్ని ఏడిపించాడు. చివరికి శ్మశానంలో ఒళ్ళు జలదరించే చావు చచ్చాడు. అతని తరఫున గోపీచంద్ ఒక్క మాట కూడా వకాల్తా పుచ్చుకోలేదు. సమాజం ఇలా చేసింది కాబట్టి వాడు ఇలా అయ్యాడని తప్పించనూ లేదు. అలాగని మధ్యలో వదిలేయనూ లేదు. మొదటి పేజీ నుంచి శ్మశానం దాకా పక్కనే నడిచారు. కథానాయకుడంటే సీతారామారావే, ఇంకెవరూ లేరు. అతణ్ణి మెచ్చుకోమని మాత్రం మనల్ని ఎక్కడా అడగలేదు.

నేను ఆ నవల మొదటిసారి ఇంటర్‌లో చదివాను. మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. సీతారామారావు నాకు నచ్చలేదు, కానీ వాడు నాలో ఉన్నాడని తెలిసింది. దొంగ అయినా వీడు గొప్పవాడే అని సినిమా హాల్లో ఈల వేసినప్పుడు కలిగేది ఇంకో రకం ఆనందం. ఈ రెండూ ఒకటి కావు.

గొడవపడేవాళ్ళు ఇక్కడే ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుస్తున్నారు. తండ్రి, తప్పు అని ఎవరు అన్నారు అని అడిగాడు. కొడుకు, తప్పు నిజమే అని ఒప్పుకుని, అయినా ఈ మనిషి కథ వినండి అన్నాడు. ఇవాళ్టి సినిమాలు చాలావరకు ఈ రెండింటిలో ఏదీ చేయడం లేదు. తప్పును దాచవు, నిలదీయవు, స్లో మోషన్‌లో నడిపించి చప్పట్లు కొట్టిస్తాయి. లెక్క చూపించకుండా హీరో పట్టం కడతాయి. ఉప ముఖ్యమంత్రి ఆవేదనలో న్యాయం ఉన్నది ఇక్కడే. అయితే దానికి మందు, మంచివాళ్ళనే కథానాయకుల్ని చేయండి అనడం మాత్రం కాదు. ఆ మందు వాడి ఉంటే సీతారామారావు పుట్టేవాడే కాదు.

కుర్రాడి మయసభ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అందులో పెద్దాయనా మాస్టారూ ఇద్దరూ గమనించని సంగతి ఒకటుంది. ఆ ఏకపాత్రలో దుర్యోధనుడి గుండెను కోసింది పాంచాలి నవ్వు. ఆ నవ్వు వినబడ్డాక తర్వాత సభలో జరిగినదానికి సగం క్షమాపణ దొరికిపోతుంది. వ్యాసుడి సంస్కృత భారతం సభాపర్వం తీసి చూడండి. దుర్యోధనుడు నీళ్ళలో పడ్డ ఘట్టాన్ని కథకుడు చెప్పినప్పుడు భీముడు నవ్వాడు, తమ్ముళ్ళు నవ్వారు, సేవకులు నవ్వారు. ద్రౌపది నవ్వినట్టు అక్కడ లేదు. తర్వాత దుర్యోధనుడు హస్తినాపురం వెళ్ళి తండ్రి ముందు కూర్చుని ఏడుస్తూ చెప్పినప్పుడు మాత్రం ద్రౌపది ఆడవాళ్ళతో కలిసి నవ్వింది అంటాడు. ఆ నవ్వు వినిపించేది అతని నోటే. అవమానపడ్డవాడు తన అవమానాన్ని ఎలా పెంచి చెప్పుకుంటాడో, ఆ చెప్పుకోవడంలోంచి ఒక ఆడమనిషి మీద ఎంత విషం పుడుతుందో వ్యాసుడు ఒక్క చిన్న తేడాతో చూపించాడు. దాన్ని స్టేజి మీదికి తెచ్చే దుర్యోధనుడు ఇంకా పెద్ద పాత్ర అవుతాడు. నిర్దోషి అవడు. నాయకుడు మాత్రం అవుతాడు.

పోటీలయ్యాక కాలేజీ గేటు బయట టీ బండి దగ్గర ఈ మాట కుర్రాడికి చెప్పాను. మేకప్ ఇంకా పూర్తిగా పోలేదు, చెవుల దగ్గర రంగు ఉంది. కాసేపు ఆలోచించి, “అయితే ఆ డైలాగు దగ్గర గొంతు పెంచకూడదేమో సార్. తనకే నమ్మకం లేనట్టు చెప్పాలేమో” అన్నాడు. మాస్టారు పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. నిర్వాహకులు వచ్చే ఏడాది నుంచి నాయకుడు, ప్రతినాయకుడు అన్న విభాగాలు తీసేసి ఒక్క ఉత్తమ నటుడి బహుమతే పెడతామంటున్నారు. ఈ ఏడాది సర్టిఫికెట్ మాత్రం మార్చబోమన్నారు. కుర్రాడు ఇంకా వెళ్ళి తెచ్చుకోలేదు.