సిరోసిస్ పేషెంట్‌కి పథ్యం పేరు మీద పస్తులుంచొద్దు

మా నల్లగొండ దిక్కు ఎవలికన్న కండ్లు పచ్చగయినయంటే ఫస్ట్ ఆకు పసరు తాపిస్తరు, ఆ తర్వాత పథ్యం మొదలు, పప్పు బంద్ గుడ్డు బంద్ నూనె బంద్, నెలల తరబడి ఉత్త మజ్జిగన్నమే. ఏండ్ల సంది తాగి తాగి లివర్ సిరోసిస్ దాకా వచ్చిన మనిషికి ఇట్ల చేస్తే ఇంక తొందరగ కుంగిపోతడు.

ఎందుకంటే మనం తిన్నదాంట్లె కొంత షుగర్‌ని లివర్ గ్లైకోజెన్ చేసి దాస్తది, రాత్రి పండుకున్నప్పుడు కొంచెం కొంచెం రక్తంలకు ఇడుస్తది. సిరోసిస్‌ల లివర్ మచ్చలు కట్టి గట్టిపడ్తది గాబట్టి ఆ నిల్వ సరిగ ఉండదు, అప్పుడు ఒళ్లు కండనే కరగదీసి షుగర్ చేసుకుంటది, మంచిగున్నోళ్లు రెండు మూడు దినాలు పస్తుంటే ఎట్లైతదో వీళ్లకు ఒక్క రాత్రికే దాదాపు అట్లైతది. ఇంకోటి, లివర్ తీసెయ్యలేని అమ్మోనియా అనే విషాన్ని కొంత కండలే తీసేస్తయి, కండలు కరిగినకొద్ది ఆ అమ్మోనియా మెదడు మీద పని చేస్తది. పగలంతా నిద్ర, రాత్రి మెలకువ, మాటల తికమక, చేతులు ముందుకు చాపి అరచేతులు పైకి లేపమంటే లేపిన చేతులు టక్కున జారి మళ్ల లేస్తుంటయ్.

అందుకే కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలె, అంటే 60 కిలోల మనిషికి దినానికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు అన్నీ పెట్టాలె, పండుకునే ముందు పాలల్ల ఇంత జొన్నరొట్టెనో రాగిజావనో తప్పకుండ ఇయ్యాలె. మాట తికమకైతే లాక్టులోజ్ సిరప్ ఇస్తరు, దినానికి రెండు మూడుసార్లు మెత్తగ మోషన్ అవుడే దాని పని, మోషన్స్ అయితున్నయని ఆపేస్తరు చానమంది, ఆపొద్దు.

తగ్గియ్యాల్సింది ఉప్పు. కడుపుల నీళ్లు చేరినోళ్లకు దినం మొత్తానికి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు, మామిడికాయ తొక్కు అప్పడాలు కూడా దాంట్లెకే లెక్క.

తాగుడు మానకుండ ఇవేవీ పని చెయ్యయి, కని ఇంట్ల కూసోబెట్టి ఒక్కసారే మాన్పిస్తే రెండు మూడు దినాలల్ల వణుకుడు, ఫిట్స్, లేనిపోనియి కనవడుడు మొదలైతయ్, పాణం మీదికొస్తది. మన దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం అనే మత్తుమందు కలుపుతరు గాబట్టి కల్లు తాగెటోళ్లకు కూడా ఇదే ముప్పు, 2020 లాక్‌డౌన్‌ల కల్లు బందైనప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మెంటల్ దవాఖానకు ఎంతమందిని తీస్కపోయిన్రో చూసినం గదా. వణుకుతుండని మెడికల్ షాపుల నిద్రగోళి కొనిస్తే ఇంకా డేంజర్, పాడైన లివర్ దాన్ని తొందరగ అరగదియ్యలేదు, మనిషి మత్తులకు పోతడు. అడ్మిట్ చేసి బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చుకుంట డాక్టర్లే చూస్కోవాలె. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా ఇయ్యొద్దు, కిడ్నీలు దెబ్బతింటయ్.

రక్తం కక్కినా, మోషన్ నల్లగ జిగటగ వచ్చినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, అన్నవాహికల ఉబ్బిన నరం పగిలుంటది, వెంటనే 108కి ఫోన్ చేసి ఎండోస్కోపీ ఉన్న పెద్ద దవాఖానకు తీస్కపోతే ఆ నరానికి బ్యాండ్ ఏసి రక్తం ఆపుతరు.