1985లో పడిన ముడి: దళిత క్రైస్తవుడి కులం ఎక్కడికి పోయింది?

దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా వివాదం ఆరినట్టే ఆరి, ఏదో ఒక తీర్పుతోనో అఫిడవిట్‌తోనో మళ్లీ రాజుకుంటుంది. ఇప్పటి వేడి 2025 వేసవిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి పుట్టింది. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు కేసు పెట్టారు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని కోర్టు ఆ కేసును కొట్టివేసింది. కుల ధ్రువపత్రం రద్దు కాలేదు కదా అన్న వాదన నిలబడలేదు. అంతకు కొన్ని నెలల ముందు, 2024 నవంబరులో, పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టి మాటే అంది. క్రైస్తవంలో కొనసాగుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తేల్చింది.

ఒంగోలు, మిషనరీ క్లౌ దొర, 1876-78 నాటి కరువు, గుండ్లకమ్మలో ఒక్కరోజే రెండు వేల మందికి పైగా బాప్తిస్మం పొందడం తెలుగువారు చాలాసార్లు విన్న కథే. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించీ తెలిసినవారే ఎక్కువ. దాని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు మాత్రం తెరవలేదు. కానీ ఈ పేరాను పట్టుకుని కూర్చుంటే, చర్చి ఇంత బలహీనంగా ఎందుకు వాదిస్తోందో అర్థం కాదు. దానికి 1985 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువులో గేదెలను కడిగిన నీళ్లు కలుస్తుంటే ఒక స్త్రీ అడ్డు చెప్పింది. కొట్టబోతే బిందె ఎత్తింది. అక్కడి నుంచి మొదలైంది. ఆ బిందె గురించి నలభై ఏళ్లుగా పాటలు, వ్యాసాలు వచ్చాయి. ఆమె పేరులోనే సువార్త ఉందన్న సంగతిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చనిపోయినవారిలో మోషేలు ఉన్నారు, యెహోషువ ఉన్నాడు, అబ్రహాం ఉన్నాడు. క్లౌ దొర బాప్తిస్మమిచ్చిన ఆ ప్రకాశం నేల మీదే, పాత నిబంధనలోని పేర్లు పెట్టుకున్న మనుషులను కులం చూసి నరికారు. గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు మీరు ఏ దేవుడిని మొక్కుతారని అడగలేదు. ఆ తర్వాత చీరాల శిబిరం, దళిత మహాసభ, ఊరూరా పుట్టిన కదలిక వచ్చాయి. 1989 నాటి అట్రాసిటీ చట్టం వెనక ఆ నెత్తురు ఉందని ఆ చట్టం చరిత్ర చెప్పేవాళ్లందరూ ఒప్పుకుంటారు.

సరిగ్గా రెండున్నర నెలలకు, సెప్టెంబరు 30న, ఢిల్లీలో మరో తీర్పు వెలువడింది. మద్రాసు మౌంట్ రోడ్డు కూడలిలో చెప్పులు కుట్టే సూసై అనే ఆది ద్రావిడుడు వేసిన కేసు అది. రోడ్డు పక్కన కూర్చునే చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసైకి ఇవ్వలేదు, క్రైస్తవుడు కాబట్టి. ఆరె అదే, తోలు అదే, ఎండా అదే. పక్కవాడికి మాత్రం నీడ దొరికింది. రాష్ట్రపతి ఉత్తర్వే చెల్లదని ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

కోర్టు ఆయనను ఒక్కమాటతో కొట్టిపారేయలేదు. మతం మారినా కులం ఉంటుందన్న వాదనను వింది. విన్నాక, అది చాలదంది. హిందూ సమాజంలో ఆ కులానికి ఉన్న అణచివేత అదే తీవ్రతతో క్రైస్తవ సమాజంలోనూ కొనసాగుతోందని నిరూపించాలంది. అలాంటి ప్రామాణికమైన, సమగ్రమైన అధ్యయనం ఏదీ తన ముందు లేదని పిటిషన్ కొట్టివేసింది.

ఈ కథంతా తిరిగింది ఇక్కడే. కారంచేడు వేసిన ప్రశ్న ఊరిని అడిగింది: మతం మారినా ఈ మనిషిని మీరు కులం పెట్టే చూస్తున్నారు కదా? సూసై తీర్పు వేసిన ప్రశ్న చర్చిని అడిగింది: మీ లోపల కులం ఉందని మీరే రుజువు చేయగలరా? దెబ్బ కొట్టేది ఊరైతే, సాక్ష్యం తెచ్చుకోవాల్సింది చర్చి నుంచి! నలభై ఏళ్లుగా వాదన ఈ రెండో ప్రశ్న చుట్టూనే గానుగెద్దులా తిరుగుతోంది.

చర్చికి ఈ ప్రశ్న మింగలేని, కక్కలేని వ్యవహారం. ఆదివారం ప్రసంగంలో గలతీయులకు రాసిన పత్రిక చదవాలి: "ఇందులో యూదుడని గ్రీసు దేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు, పురుషుడని స్త్రీ అని లేదు." సోమవారం కోర్టులో, మా ప్రభువు బల్ల దగ్గరా కులం ఉందని అఫిడవిట్ ఇవ్వాలి. పెద్దలు చాలాకాలం మధ్యేమార్గం పట్టారు. కులం బయట ఉంది, లోపల దాని నీడ మాత్రమే ఉందన్నారు. గుంటూరు ప్రాంతంలో రెడ్డి, కమ్మ కథోలికులు మాల, మాదిగ విశ్వాసులతో వియ్యమందుతారా అని అడిగి చూడండి, ఆ నీడ ఎంత పొడవో తెలుస్తుంది. తమిళనాడులోనైతే సమాధుల తోటల మధ్య గోడలే లేచాయి.

దీన్ని నిజాయితీగా ఎదుర్కొన్నది దళిత వేదాంతం (దళిత థియాలజీ) ఒక్కటే. మరాఠీ నేల నుంచి వచ్చిన అర్వింద్ నిర్మల్ 1981లో బెంగళూరులో చేసిన ప్రసంగంతో దానికి పునాది పడిందంటారు. అప్పటిదాకా మన వేదాంత కళాశాలల్లో పైకులాల నుంచి వచ్చినవారు క్రైస్తవ వేదాంతానికీ హిందూ వేదానికీ పొత్తు కుదిర్చే పనిలో ఉండేవారు. కొత్తతరం లాటిన్ అమెరికా విమోచన వేదాంతాన్ని దిగుమతి చేసుకుంది, దాంతోపాటు వర్గం వచ్చింది, కులం రాలేదు. పీఠాల్లో వినిపించే గొంతు ఇలా ఉంటే, బల్లల ముందు కూర్చున్న జనంలో అత్యధికులు దళితులు. నిర్మల్ అన్నది ఇదే.

ఆయన ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని తీసుకున్నారు. "నా తండ్రి నశించుచున్న అరామీ దేశస్థుడు" అని ఇశ్రాయేలీయులు తమ మూలం చెప్పుకునే చోటు అది. మరి నా తండ్రి ఎవరు అని నిర్మల్ అడిగారు. అరామీయుడికి కనీసం తిరిగే స్వేచ్ఛ ఉంది, నా పూర్వీకుడికి అదీ లేదు. అడుగుల గుర్తులు చెరిగిపోవాలని నడుముకు చెట్టుకొమ్మ కట్టారు, ఉమ్మి నేల మీద పడకూడదని మెడకు ముంత తగిలించారు. విశ్వాస ప్రమాణం అక్కడి నుంచి మొదలవ్వాలన్నారు. తర్వాత మద్రాసు గురుకుల్ లూథరన్ కళాశాలలో దళిత వేదాంత విభాగాన్ని ఆయనే నడిపారు.

ఇక్కడ ఒక మాట. ఆ ముంతను, కొమ్మను పాఠ్యాంశం చేసినవారు బిందెను అంత తొందరగా చేయలేదు. తొలినాళ్ల దళిత వేదాంతంలో దళితుడంటే మగవాడే. దళిత స్త్రీ మీద ఊరి పెత్తనం, ఇంటి పెత్తనం, చర్చి పెత్తనం మూడూ ఉన్నాయని స్త్రీలే చెప్పుకోవాల్సి వచ్చింది. పల్లెపల్లెకూ నడిచి సువార్త చెప్పింది బైబిలు స్త్రీలు. కానీ దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లో ఒక స్త్రీ బిషప్పు కావడానికి 2013 దాకా ఆగాలి. నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత వచ్చినప్పుడు పత్రికలు ఒకరోజు రాసి ఊరుకున్నాయి. కథోలికుల్లో తొలి దళిత కార్డినల్ కూడా హైదరాబాదు నుంచే వచ్చారు, 2022లో పూల ఆంథోనీ. రోముకు దళితుడు కనిపించాడు, రాష్ట్రపతి ఉత్తర్వుకు ఇంకా కనిపించలేదు.

కొంచెం వెనక్కి వెళితే ఇంకో వింత. సూసై కంటే తొమ్మిదేళ్ల ముందు, 1976లో, గుంటూరు వైద్య కళాశాల సీటు కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. విద్యార్థి తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారు. అతను తిరిగి హిందువయ్యాడు. కులం వాళ్లు అతన్ని తమవాడిగా ఒప్పుకుంటే పాత కులం తిరిగి వస్తుందని కోర్టు చెప్పింది. అంటే తరం మారినా కులం చావదు, నిద్రపోతుందంతే. హిందువైతే లేస్తుంది. అది నిద్రలో ఉండగా పక్కింటివాడు వచ్చి తన్నితే? ఆ ప్రశ్నకు 2025 తీర్పు ఇచ్చిన జవాబు తెలుసు కదా.

మరుసటి ఏడాది, 1977 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 341 నంబరు జీవో తెచ్చి, చట్టంతో ముడిపడని రాయితీలను మతం మారిన ఎస్సీలకూ వర్తింపజేసింది. రిజర్వేషన్ దగ్గర మాత్రం వాళ్లను అప్పటికే బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చింది. ఆ గ్రూపు పేరే చదవండి: "క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారు, వారి సంతానం". మారినవారి కులాన్ని ప్రభుత్వమే రాసి పెట్టుకుంది, సంతానంతో సహా. పాస్టరు కేసులోనూ ఈ జీవోను ముందుకు తెచ్చారు. అది రాయితీల ఉత్తర్వే తప్ప చట్టపు రక్షణ ఇవ్వదని హైకోర్టు తేల్చింది.

సూసై కోర్టు అడిగిన అధ్యయనాలు తర్వాత వచ్చాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఎస్సీ హోదాను మతం నుంచి విడదీయమంది. మరుసటి ఏడాది సతీశ్ దేశ్‌పాండే నివేదిక కూడా అటే మొగ్గింది. 2009 ఆగస్టులో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలోనూ, 2023 మార్చిలో జగన్ హయాంలోనూ శాసనసభ తీర్మానాలు చేసింది. ఎన్నికల లెక్కలు వాటిలో లేవని ఎవరూ అనరు. కేంద్రం 2022లో మిశ్రా నివేదిక క్షేత్ర పరిశీలన లేకుండా రాసిందని కోర్టుకు చెప్పింది, ఆ ఏడాది అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. రెండేళ్ల గడువు. దాన్నీ పొడిగించారు. హోదా ఇస్తే తమ వాటా చీలిపోతుందని హిందూ దళిత సంఘాల్లో కొన్ని భయపడుతున్నాయి. అంటరానితనం హిందూ సమాజపు రుగ్మత కాబట్టి మందూ అక్కడికే పరిమితమన్నది కేంద్రం పాత వాదన.

ఇక పల్లెల్లో జరిగేది అందరికీ తెలిసిందే, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. బడిలో పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు మతం అన్న గడి వస్తుంది. ప్రధానోపాధ్యాయుడు పెన్ను ఆపి తండ్రి ముఖం చూస్తాడు. తండ్రి మెడలో సిలువ ఉంటే చొక్కా లోపలికి తోసుకుంటాడు. "హిందూ, మాదిగ" అని రాస్తారు. ఇంట్లో యేసురత్నం, రికార్డులో వెంకటరత్నం. దీన్ని మోసమని కోర్టు అంటోంది. విశ్వాసులు దీన్ని బతుకు అంటారు. ఈ వెసులుబాటు లేనిది పాస్టరుకే. అతను చొక్కా లోపలికి ఏదీ తోసుకోలేడు. ఇంటి ముందు బోర్డు ఉంటుంది, ఆదివారం మైకు ఉంటుంది. ఉమ్మడి గుంటూరు పల్లెలో కేసు ఓడిపోయినది కూడా పాస్టరే.