గుగాక్‌కు లైవ్ ఎలక్ట్రానిక్స్: అపోహలు, వాస్తవాలు

కొరియా సంప్రదాయ సంగీతమైన గుగాక్‌ను వేదిక మీద అప్పటికప్పుడు ఎలక్ట్రానిక్ ధ్వనులతో కొత్తగా వినిపించే పనిలో ఉన్న నాకు తరచూ ఎదురయ్యే అభిప్రాయాలు ఇవి.

అపోహ: శతాబ్దాలుగా మారని సంగీతంలోకి యంత్రం చొరబడుతోంది.

వాస్తవం: పల్లెల్లో ఆరుబయట తిరుగుతూ వాయించే పుంగ్ముల్ నుంచి నాలుగు వాద్యాలను వేదిక మీదికి తెచ్చిన సముల్నోరి 1978లో సియోల్‌లో మొదలైంది. రాజవంశ పూర్వీకుల ఆరాధనలో వినిపించే జోంగ్మ్యో సంగీతం సైతం, సెజోంగ్ రాజు కాలంలో కూర్చిన బాణీలను సవరించి 1464లో ఆ క్రతువుకు స్వీకరించినదే. అదే సంగీతాన్ని హేపారి అనే ఇద్దరు కళాకారిణుల బృందం మన కాలంలో సింథసైజర్లతో వినిపించింది. కనుక మార్పు వచ్చిందా అని కాక, వచ్చిన మార్పు ఆ సంగీతం నడకను గౌరవించిందా అని అడగాలి.

అపోహ: పాట కింద ఒక బీట్ వేస్తే ఫ్యూజన్ అయిపోతుంది.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక గాయకుడు డోలు తోడుతో కథను పాడి వినిపించే పన్సోరిలో జుంగ్మోరి అనే జాంగ్దాన్‌కు, అంటే తాళావర్తానికి, 12 మాత్రలు ఉంటాయి, 9వ మాత్ర మీద బలమైన దెబ్బ పడుతుంది. అయితే గాయకుడు ఊపిరిని బట్టి మాటను సాగదీసినప్పుడు గోసు, అంటే డోలు వాయించే వ్యక్తి, ఆ సాగుదలతోపాటే నడుస్తాడు. "మొదట గోసు, తరువాతే గాయకుడు" అని కొరియన్లు చెప్పుకోవడం అందుకే. ఒకే వేగంతో టిక్కుటిక్కుమనే స్థిరమైన క్లిక్ ట్రాక్‌కు గాయకుణ్ణి కట్టేస్తే మాత్రలు మిగులుతాయి, ఊపిరి పోతుంది. అందుచేత మేము డోలుకు దాని కంపనాన్ని నేరుగా పట్టే కాంటాక్ట్ మైకు అమర్చి, దాని దెబ్బలనే సాఫ్ట్‌వేర్‌కు సంకేతాలుగా పంపుతాం; వేగం నిర్ణయించేది గోసు, అనుసరించేది కంప్యూటర్.

అపోహ: గాయగుం అనే తంత్రీ వాద్యం శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసిన స్వరాలు, ఉంటే వాద్యకారుడు అక్కరలేదు.

వాస్తవం: గాయగుంలో కుడిచేయి తీగను మీటిన తరువాత, తీగను ఎత్తి నిలిపే బ్రిడ్జికి అవతలి వైపున ఎడమచేయి ఆ తీగను నొక్కి, ఊపి, స్వరాన్ని మలుస్తుంది. కర్ణాటక సంగీతంలో గమకం తీసేస్తే రాగానికి ఏమవుతుందో, ఈ ఊపు లేకపోతే సాంజో అనే ఏకవాద్య సంగీతానికి అదే అవుతుంది. అందువల్ల మేము వాద్యకారుడు వాయిస్తున్న ధ్వనినే ఆ క్షణంలో పట్టి మారుస్తాం. అక్కడా మెలకువ కావాలి. గొమున్గో అనే మరో తంత్రీ వాద్యంలో వెదురు పుల్ల తీగతో పాటు పలకనూ తాకే చప్పుడు, తేగుం వేణువుకు అతికించిన రెల్లు పొర జుమ్మనే నాదం సంగీతంలో భాగాలే. నాయిస్ తగ్గించే ప్లగిన్ వాటిని లోపాలనుకుని తుడిచేస్తుంది.

అపోహ: ల్యాప్‌టాప్ ముందున్న వ్యక్తి ప్లే నొక్కి ఊరుకుంటాడు.

వాస్తవం: ముందే రికార్డు చేసిన ట్రాక్‌తో అది సాధ్యమే, లైవ్ ప్రాసెసింగ్‌లో కాదు. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచేటప్పుడు (48,000 హెర్ట్జ్), 256 కొలతలను (ఇక్కడ శాంపిళ్లంటే ఇవే) పోగుచేసి పంపే బఫర్ ఒక్కటే 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. రాకకు, పోకకు కలిపి అది రెట్టింపవుతుంది. ఆ ఆలస్యాన్ని, స్పీకర్ ధ్వని తిరిగి మైకులోకి చేరి కీచుమనే ఫీడ్‌బ్యాక్‌ను, వాద్యకారుడి తరువాతి ఎత్తుగడను ఒకేసారి గమనించాలి.

అపోహ: స్పీకర్ల హోరులో శ్రోతలు మౌనంగా వినడమే మర్యాద.

వాస్తవం: పన్సోరిలో శ్రోతలు "ఒల్సూ", "చోతా" అని పలికే చుయిమ్సే ప్రదర్శనలో భాగం. చెవుల్లో మానిటర్లు, అంటే వేదిక ధ్వనిని వినిపించే ఇయర్‌ఫోన్లు, పెట్టుకున్న గాయకుడికి అది వినబడదు కనుక, ప్రేక్షకుల వైపు ఒక మైకు తిప్పి, ఆ ధ్వనిని మానిటర్లలోకి పంపాలని ప్రతి సౌండ్ ఇంజనీరునూ కోరుతున్నాను.