తిరుపతి 'సిలుపసి' ఎలా అయింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోనులో మీరు అడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. తోకి పోనా అనే భాషలో మన దేశాన్ని 'పలత' అంటారని తెలిసి, పేరును ఇలా పాడు చేయవచ్చా అని మీకు కోపం వచ్చింది. ఆ కోపం నాకు నచ్చింది. కానీ అక్కడ జరిగింది పాడు చేయడం కాదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

తోకి పోనా తరతరాలుగా జనం నోళ్ళలో పెరిగిన భాష కాదు. కెనడాకు చెందిన సోన్యా లాంగ్ తయారుచేసి 2001లో బయటపెట్టారు. 2014లో ఆవిడ వేసిన పుస్తకంలో మొత్తం 120 మాటలు. అక్షరాలు 14. అ, ఎ, ఇ, ఒ, ఉ అచ్చులు. ప, త, క, స, మ, న, ల, య, వ హల్లులు. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా లేదు. గ, జ, డ, ద, బ లేవు. ర లేదు, హ లేదు. సంయుక్తాక్షరాలు లేవు, ఒక్క 'న్' మాత్రం పొల్లుగా నిలవగలదు.

ఇప్పుడు 'భారత్' రాయండి. భ లేదు కాబట్టి దాని దగ్గరి చుట్టం ప. మన ర నాలుక కొనతో పలుకుతాం, దానికి దగ్గరిది ల. చివరి 'త్' పొల్లుగా ఉండలేదు, అ తోడిచ్చారు. పలత. ఇక్కడ ఒకటి గమనించండి. వాళ్ళు 'ఇండియా' తీసుకోలేదు, 'భారత్' తీసుకున్నారు. జపాన్ అక్కడ 'నియోన్', ఎందుకంటే జపాన్‌వాళ్ళు తమ దేశాన్ని నిహోన్ అంటారు. జర్మనీ 'తోసి', అది వాళ్ళ డోయిచ్ నుంచి వచ్చింది. ఊరివాళ్ళు ఏమంటారో అడగకుండా పటం చూసి పేరు పెట్టే మనుషులను నేను చాలామందిని చూశాను. అందుకే ఈ పద్ధతి మీద నాకు గౌరవం.

ర సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికా 'మెవిక' అవుతుంది, ఫ్రాన్స్ 'కన్సె' అవుతుంది. అమెరికావాళ్ళ ర మెత్తగా, నాలుక ఎక్కడా తగలకుండా వస్తుంది, చెవికి వ లాగా ఉంటుంది. ఫ్రెంచివాళ్ళ ర గొంతులోంచి వస్తుంది, దానికి దగ్గరిది క. మనం రాసే అక్షరం ఒక్కటే అయినా, చెవికి వినిపించేవి మూడు వేరు వేరు ధ్వనులు. కాబట్టి విదేశీ పేరును మార్చేటప్పుడు ముందు చెయ్యాల్సింది వినడం, ఆ తరువాతే రాయడం.

తిరుపతికి వద్దాం. త ఉంది, ఇ ఉంది, కానీ 'తి' అనే కూర్పు ఆ భాషలో నిషిద్ధం. చాలా భాషల్లో ఇ పక్కన త నిలకడగా ఉండదు. జపాన్‌వాళ్ళ నోట 'తి' కాస్తా 'చి' అవుతుంది. కాబట్టి 'తి' వచ్చిన చోటల్లా 'సి' పెడతారు. సి, లు, ప, సి. ఇంకా మూడు కూర్పులు కూడదన్నారు: యి, వు, వొ. ఇది చదవగానే నాకు మా నాన్నగారి ఉత్తరాలు గుర్తొచ్చాయి. ఆయన 'ఇల్లు' అనేదాన్ని 'యిల్లు' అని, 'ఉన్నది' అనేదాన్ని 'వున్నది' అని, 'ఒక' అనేదాన్ని 'వొక' అని రాసేవారు. రెండు రకాలుగా రాసినా చెవికి తేడా తెలియదు. తేడా తెలియని జంటల్లో ఒకదాన్ని తీసేశారన్నమాట. మన తెలుగువాళ్ళం ఎన్నో ఏళ్ళుగా తడబడుతున్న చోటే ఆవిడ గీత గీశారు!

మీరు బడిలో ప్రకృతి, వికృతి చదువుకున్నారు కదా. శ్రీ సిరి అయింది, రత్నం రతనం అయింది, భక్తి బత్తి అయింది. విష్ణువు వెన్నుడయ్యాడు, లక్ష్మి లచ్చి అయింది. మొదటి రెండింటిలో హల్లుల మధ్య అచ్చును దూర్చారు. బత్తిలో భకు ఉన్న వత్తు వదిలేసి, క్‌ను త్‌లో కలిపేశారు. శ్రీకాకుళం తోకి పోనాలో 'సిలికకులన్' కావచ్చు. ఆ 'సిలి'లో మన 'సిరి' కనిపించడం లేదూ? లచ్చి అని పిలిచినప్పుడు ఎవరూ లక్ష్మిని చిన్నబుచ్చలేదు.

నియమాలు అన్ని చోట్లా ఒకటి కావు. 1887లో వెలువడిన ఎస్పెరాంటోలో నామవాచకానికి చివర ఒ ఉండాలి, లండన్ 'లొండొనొ' అవుతుంది. లోజ్బాన్ అనే మరో భాషలో పేరు హల్లుతోనే ముగియాలి, అక్కడ కమల చివర స్ తగిలించుకుని 'కమలస్' అవుతుంది. అచ్చుతో ముగించడం అలవాటైన మనకు ఇది తలకిందులుగా తోస్తుంది. నేను ఉత్తరాదిన ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడివాళ్ళు గుంటూరును గుంటూర్ అనేవారు, ఆ చివరి ఉ కోసం నా ప్రాణం కొట్టుకునేది. తోకి పోనా ఆ ఉ నాకు తిరిగి ఇచ్చింది: 'కున్తులు'.

ఇక మీ పేర్లు మీరే చేసి పంపండి. ఆ భాషలో పేరు ఒంటరిగా రాదు, ముందు అదేమిటో చెప్పే మాట ఉండాలి. మనిషి అయితే 'యన్', దేశం అయితే 'మ', భాష అయితే 'తోకి'. కాబట్టి మన భాష 'తోకి తెలుకు'. ఒక పేరుకు రెండు మూడు రూపాలు కుదిరితే, ఏది ఉంచుకోవాలో ఆ పేరుగల మనిషే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు గట్టిగా పిలిపించుకుని వినండి. మీ నానమ్మ పేరులో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని రాలేదు. నిన్న పెరట్లో 'యన్ కమల' అని పిలిచాను, పూలు కోస్తున్నదల్లా వెంటనే తిరిగి చూసింది.

మీ తాతయ్య