మొదటి పెంపుడు పాము: చేతులు వణికేవాళ్ల కోసం అపోహలు - వాస్తవాలు

పాముల్ని పెంచడం, గుడ్లు పొదిగించడం, పిల్లల్ని కొత్తవాళ్లకు అప్పగించడం చాలా ఏళ్లుగా నా పని. మొదటి పాము కోసం వచ్చేవాళ్లలో చాలామంది గుమ్మం దగ్గరే ఒక మాట చెప్పేస్తారు: “ఇష్టం ఉందండీ, కానీ భయం కూడా ఉంది. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే చిన్నది చూపించండి.” ఇష్టంతో పాటు భయం ఉంటే నాకేం అభ్యంతరం లేదు. భయమున్నవాళ్లు పామును నెమ్మదిగా ఎత్తుతారు, పెట్టె మూత రెండుసార్లు చూసుకుంటారు. నాకు తలనొప్పి తెచ్చేది ధీమా ఎక్కువైనవాళ్లే. చిక్కంతా ఆ “అన్నిటికంటే చిన్నది” దగ్గరే.

ఇక్కడ చెప్పేదంతా ప్రాణం తీసే విషం లేని, పెంపకంలోనే పుట్టిన పాముల గురించి. బయట కనిపించిన పామును పట్టి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. చాలా దేశాల్లో అది నేరం. పైగా అడవి పాము పురుగులు, పరాన్నజీవులతో వస్తుంది, తిండి ముట్టదు, బందీగా ఉండటం దానికి అలవాటు కాదు. మీరున్న చోట ఏ జాతిని పెంచడానికి అనుమతి ఉందో, ఏ కాగితాలు కావాలో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

అపోహ: భయపడేవాళ్లు పిల్లపాముతో మొదలుపెట్టాలి

నేను కూడా మొదట్లో ఇదే నమ్మాను. బాగా బెదురుగా ఉన్న ఒకాయనకు అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కార్న్ స్నేక్ పిల్లను ఇచ్చాను. పెన్సిలంత లావు, జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు. మూడు వారాలకు పెట్టెతో సహా తిరిగొచ్చారు. “ఇది నన్ను చూస్తే పారిపోతోంది, నేను దాన్ని చూస్తే పారిపోతున్నాను” అన్నారు. తప్పు ఆయనది కాదు, పాముదీ కాదు, ఇచ్చిన నాది.

పిల్లపాము వైపు నుంచి చూడండి. పక్షులు, కప్పలు, పెద్ద పాములు, అన్నీ దాన్ని తినేవే. అందుకని పైనుంచి దిగే ప్రతి చెయ్యీ దానికి గద్ద కిందే లెక్క. జారిపోతుంది, తోక టపటపలాడిస్తుంది, కంపు కొట్టే ద్రవం వదులుతుంది, ఒక్కోసారి నోరు తెరిచి మీదికి వస్తుంది. ఆ కాటుకు నిజానికి రక్తం చుక్క కూడా రాకపోవచ్చు. కానీ బెదిరిన చెయ్యి చటుక్కున వెనక్కి లాగేసుకుంటుంది, పాము కింద పడుతుంది. మర్నాటికి ఇద్దరికీ భయం రెట్టింపవుతుంది. దీనికి తోడు పిల్లల ఒంట్లో నిల్వ తక్కువ. రెండు మూడు సార్లు తిండి మానేస్తే నిజంగానే కంగారు పడాల్సి వస్తుంది.

ఏడాది దాటిన పాము వేరు. మనుషుల చేతులు దానికి కొత్త కాదు, ఎలుకను చూపిస్తే తింటుంది, ఒక పూట మానేసినా తట్టుకుంటుంది. దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది కాబట్టి కొనేముందే చూసుకోవచ్చు. ఒకే ఈత పిల్లల్లో కూడా ఒకటి సాధువు, ఇంకొకటి చిరచిరలాడేది ఉంటాయి. అందుకే బెదురున్నవాళ్లు వచ్చినప్పుడు పిల్లల డబ్బాల వైపు తీసుకెళ్లడం మానేశాను. “పిల్లప్పటి నుంచి పెంచితేనే మచ్చికవుతుంది” అనే వాదన కుక్కల దగ్గర నుంచి అరువు తెచ్చుకున్నది.

అపోహ: మొదటి పాము అంటే బాల్ పైథానే

సగం నిజం. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ పాము బెదిరితే కరవడానికి బదులు తల లోపల పెట్టుకుని ఉండలా చుట్టుకుంటుంది. పేరు అలాగే వచ్చింది. కదలిక నెమ్మది. ఆడది నాలుగు నుంచి ఐదు అడుగులు, మగది ఇంకా తక్కువ. ఇంతవరకు బాగానే ఉంది.

మిగతా సగం అమ్మేవాళ్లు చెప్పరు. బాల్ పైథాన్ ఏ కారణమూ చూపించకుండా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిండి మానేస్తుంది. బరువు తగ్గనంతవరకు పెద్ద పాముకు దానివల్ల ప్రమాదం లేదు. అయినా నాకు రాత్రిపూట వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దీని గురించే. గాలిలో తేమ 60 శాతం దగ్గర ఉండాలి, లేకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి కళ్ల మీద, తోక చివర అంటుకుపోతుంది. ఆయుష్షు 20 నుంచి 30 ఏళ్లు, అంతకు మించి కూడా బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో కనీసం 62 ఏళ్లుంటాయని అంచనా వేసిన ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి కనీసం 15 ఏళ్లుగా మగపాము జాడే లేదు! రంగులు చూసి పడిపోయేవాళ్లకు ఇంకొక మాట: ‘స్పైడర్’ అని అమ్మే రంగు రకంలో పుట్టుకతోనే నాడీ లోపం ఉంటుంది, తల ఊగుతుంది, మెలికలు పడుతుంది. ఎంత అందంగా ఉన్నా ఆ రకం నేను పెంచను, అమ్మను.

దీని పక్కన పెట్టి చూడాల్సింది అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన కార్న్ స్నేక్. మూడు నుంచి ఐదు అడుగులు. తిండి దగ్గర పేచీ అరుదు, మామూలు ఇంటి తేమలో బతికేస్తుంది, 15 నుంచి 20 ఏళ్లు ఉంటుంది. కానీ చేతిలో ఊరుకోదు. ఈ వేళ్లలోంచి ఆ వేళ్లలోకి, అక్కడి నుంచి మోచేతి మీదికి పాకుతూనే ఉంటుంది.

అందుకే నేను జాతి పేరు చెప్పే ముందు ఒకటి అడుగుతాను: మీ భయం చేతిదా, మనసుదా? పాము కదిలితే ఒళ్లు జలదరించేవాళ్లది చేతి భయం. వాళ్లకు నింపాదిగా ఉండే, క్రమంగా తింటున్న బాల్ పైథాన్ నయం. కదిలితే ఫర్వాలేదు గానీ “తిన్నదా, బాగుందా, చచ్చిపోతుందా” అని నిద్ర పట్టనివాళ్లది మనసు భయం. వాళ్లకు బాల్ పైథాన్ ఇస్తే మొదటి ఉపవాసానికే టెన్షన్‌తో చిక్కిపోతారు. కార్న్ స్నేక్ ఇవ్వాలి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. రోజీ బోవా చిన్నది, నెమ్మది, దొరికితే మంచిదే. కెన్యన్ శాండ్ బోవా ఇంకా చిన్నది, కానీ రోజంతా పెట్టె అడుగున పరిచిన పొరలో పూడుకునే ఉంటుంది. కాలిఫోర్నియా కింగ్ స్నేక్ చాలా గట్టిది, కాకపోతే కదిలేదంతా తిండేనని దాని నమ్మకం. సాటి పాములనూ తింటుంది కాబట్టి ఒంటరిగానే ఉంచాలి. హాగ్‌నోజ్ ముద్దుగా ఉంటుంది, చచ్చినట్టు నాటకమాడుతుంది. దాని వెనక పళ్ల దగ్గర కాస్త విషం ఉంటుంది. ప్రాణం మీదికి రాకపోయినా, గట్టిగా పట్టుకుని నమిలితే చెయ్యి వాచవచ్చు. బెదురున్నవాళ్లకు వద్దు. బర్మీస్ పైథాన్, రెటిక్యులేటెడ్ పైథాన్ పిల్లలు ఎంత సాధువుగా కనిపించినా అటువైపు చూడకండి. మొదటిది 5 మీటర్లు దాటగలదు, రెండోది 6 మీటర్లు.

అపోహ: పాము ఎప్పుడు కరుస్తుందో చెప్పలేం

చాలావరకు చెప్పవచ్చు. మెడను ‘ఎస్’ ఆకారంలో వెనక్కి మడిచి, ఒళ్లు బిగించి, మీ వైపే తల పెట్టి ఆగిపోయిందంటే అది హెచ్చరిక. బుస కొట్టడం, తోక ఆడించడం కూడా అంతే. చెయ్యి వెనక్కి తీసుకుని పది నిమిషాలు వదిలేయండి. కళ్లు పాలనీలంగా మసకబారితే కుబుసం విడిచే సమయం దగ్గరపడినట్టు. దానికి సరిగ్గా కనిపించదు, చిరాగ్గా ఉంటుంది. అప్పుడు ఎత్తకపోవడమే మేలు.

కాట్లు రెండు రకాలు. భయంతో వేసేది టక్కున తగిలి వదిలేస్తుంది, గులాబీ ముల్లు గీరినట్టు ఉంటుంది. తిండి అనుకుని వేసేది పట్టుకుని వేళ్లకు చుట్టుకుంటుంది. పెంపుడు పాముల విషయంలో ఈ రెండో రకానికి దాదాపు ప్రతిసారీ కారణం మనమే: ఎలుకను ముట్టిన చెయ్యి కడుక్కోకుండా పెట్టెలో పెట్టి ఉంటాం. పాముకు వాసనే అసలు చూపు. పట్టుకున్నప్పుడు మాత్రం లాగకండి. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుకుపోతుంది, దాని పళ్లు విరుగుతాయి. చన్నీళ్ల ధార కింద పెడితే వదిలేస్తుంది. సబ్బుతో కడుక్కుంటే చాలు.

బెదురు చేతికి నేను నేర్పే పద్ధతి ఒకటుంది. మూత తీశాక ముందు చిన్న కర్రతోనో, చుట్టిన కాగితంతోనో పాము ఒంటిని మెల్లగా తాకండి. ఇది తిండి కాదని దానికి అర్థమవుతుంది. తర్వాత పక్కనుంచి, నడుం దగ్గర, రెండు చేతులతో అడుగున ఆనిచ్చి ఎత్తండి. తల వైపు వెళ్లనే వద్దు. ముట్టుకోవడమే కష్టమనిపిస్తే మొదటి వారం గ్లవ్స్ వేసుకోండి, ఇందులో నామోషీ ఏం లేదు. చేతికి జిగటగా తగులుతుందని చాలామంది అనుకుంటారు, తీరా ముట్టుకుంటే పొడిగా, నున్నగా ఉంటుంది.

అపోహ: కదలకుండా ఉందంటే మచ్చికైనట్టే

భయంతో బిగుసుకుపోయినా కదలదు. నాలుక మెల్లగా ఆడిస్తూ నింపాదిగా పాకుతుంటే అది కుదురుగా ఉన్నట్టు. కుక్కలా ప్రేమించదు, మీ అలికిడికి, వాసనకు అలవాటు పడుతుంది, అంతే. సంతోషించాల్సింది ఏమిటంటే, పగ పట్టడం కూడా దానికి తెలియదు. నిన్న చేతిలోంచి జారవిడిచారని ఈ రోజు కాపు కాయదు.

అలాగని మొదటి రోజు నుంచే ఎత్తుకుని తిరగకండి. ఇంటికి తెచ్చాక వారం పది రోజులు నీళ్లు మార్చడం తప్ప పెట్టె జోలికి వెళ్లొద్దు. రెండు సార్లు తిన్నాక వారానికి రెండు మూడు సార్లు, ఐదు పది నిమిషాలు చాలు. తిన్న తర్వాత రెండు రోజులు కదపకూడదు, కదిపితే కక్కేస్తుంది.

అపోహ: బతికున్న ఎలుకే పెట్టాలి

అక్కర్లేదు, పెట్టకూడదు కూడా. మూలకు చిక్కిన ఎలుక పాము ముఖాన్ని కొరికిన కేసులు నేను చూశాను. ఫ్రీజర్‌లో దాచిన ఎలుకను ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, వేడినీళ్లలో ముంచి, పొడవాటి పట్టుకారుతో అందిస్తారు. పాము ఒళ్లు ఎక్కడ లావుగా ఉంటుందో అంత లావు ఎలుక చాలు. పెద్ద కార్న్ స్నేక్‌కు పది పద్నాలుగు రోజులకు ఒకటి. ఫ్రీజర్‌లో ఎలుకలంటే ఇంట్లో ఒప్పుకోరనుకుంటే పాము ఆలోచనే మానుకోవాలి, ఎందుకంటే శాకాహార పాము అనేది లేదు. పాలు పాము ఆహారం కాదు, అరిగించుకోలేదు. గుడ్లు మాత్రమే తినే ఆఫ్రికా పాములున్నాయి గానీ వాటికి చిన్న పక్షుల గుడ్లు ఏడాది పొడవునా దొరకబుచ్చుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు.

అపోహ: పెట్టె ఎంతుంటే పాము అంతే పెరుగుతుంది

పెట్టె చిన్నదని ఎదుగుదల ఆగదు, పెరిగి ఇరుక్కుంటుంది. పాము ఒళ్లంతా చాచుకునేంత పొడవు పెట్టెకు ఉండాలి.

కొనే రోజు ఏం చూడాలి?

కళ్లు తేటగా ఉన్నాయా, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో గురగుర ఉన్నాయా, పొలుసుల సందుల్లో నల్లటి చుక్కల్లాంటి పురుగులు పాకుతున్నాయా, వెన్నెముక పొడుచుకొచ్చిందా. పుట్టిన తేదీ, తిన్న తేదీలు రాసిన పుస్తకం అడగండి. వీలైతే మీ కళ్ల ముందు ఒకసారి తినిపించమనండి. కుదరదన్నవాళ్ల దగ్గర కొనకండి. ఒకే రోజు చూసి తెచ్చుకోవడం కూడా నాకు నచ్చదు. రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ అదే పామును పట్టుకుని చూడండి.

పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

పెట్టె మాత్రం పాముకన్నా ముందే రావాలి. వెచ్చని వైపు కార్న్ స్నేక్‌కు 28 నుంచి 30 డిగ్రీలు, బాల్ పైథాన్‌కు 31, 32. చల్లని వైపు 25 దగ్గర. రెండు వైపులా దాక్కోవడానికి చెరో గూడు. పెట్టెకు వేడినిచ్చే హీట్ మ్యాట్‌కు, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి, అది లేకపోతే పొట్ట కింది చర్మం కాలినా పాము అక్కడే పడుకుని ఉండొచ్చు. మూతకు గొళ్లెం. వేలు పట్టే సందు ఉంటే కార్న్ స్నేక్ అందులోంచి వెళ్లిపోతుంది, ఇందులో నాకు స్వానుభవం ఉంది: తప్పించుకున్నది పదకొండు రోజుల తర్వాత ఫ్రిజ్ వెనక దొరికింది. పాము లేకుండానే పెట్టెను రెండు రోజులు ఆన్ చేసి ఉంచి, పొద్దున, రాత్రి థర్మామీటర్ చూడండి. అంకెలు నిలకడగా ఉంటే అప్పుడు ఫోన్ చేయండి, పామును సంచిలో పెట్టి ఉంచుతాను.